కొట్టుకుపోయిన కాగితాలే కావాలట

తుపాన్ల నుంచి ప్రాణాలు కాపాడటం నేర్చుకున్న ప్రభుత్వాలు బతికి బయటపడ్డవారిని ఇంకా క్యూలోనే నిలబెడుతున్నాయి

వరద తీసిన మర్నాడు ఏ ఊరికి వెళ్లినా ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. దండెం మీద బట్టల పక్కనే కాగితాలు ఆరుతుంటాయి. రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్. బియ్యం తడిసి ముద్దయినా, పరుపులు బురద పీల్చుకున్నా ఇల్లాలు ముందుగా వెతికేది ఆ కాగితాలు దాచిన ప్లాస్టిక్ సంచీ కోసమే. ఆమెకు అనుభవం ఉంది. రెండు మూడు రోజుల్లో నష్టం రాసుకునేవాళ్లు వస్తారు. ఏం పోయిందని అడిగే ముందు ఏముందని అడుగుతారు. ఆధార్ ఉందా? ఖాతా ఉందా? ఇల్లు ఎవరి పేరున ఉంది?

విపత్తు సాయానికి దరఖాస్తు చేసుకోవడం ఈ దేశంలో ఏటా లక్షల కుటుంబాలకు తప్పని పని. అయినా దాని గురించి చర్చ తక్కువ. పడవలు, హెలికాప్టర్లు, పులిహోర పొట్లాలు టీవీలో కనిపిస్తాయి. ఆ తర్వాత వారాల తరబడి సచివాలయం మెట్ల మీద, తహసీల్దార్ కార్యాలయం వరండాలో జరిగేది కనిపించదు. బాధితుడికి మాత్రం అసలు పరీక్ష అక్కడే.

తగ్గిన మరణాలు, పెరిగిన దరఖాస్తులు

ఒక విషయంలో ప్రభుత్వాలను మెచ్చుకోవాలి. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మందిని బలిగొంది. 1999 అక్టోబర్‌లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లోనూ దాదాపు అంతమంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చేసరికి సుమారు 10 లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల సంఖ్యకు దిగాయి. 2019 మే నెలలో ఫణి అంతటి పెను తుపానుకు ఒడిశా 12 లక్షల మందిని ఖాళీ చేయించింది. 64 మంది మరణించారు. తుపాను షెల్టర్లు, మెరుగైన హెచ్చరికలు, ఊరూరా వలంటీర్లు కలిసి సాధించిన ఫలితమిది.

అయితే ఈ విజయానికి రెండో పార్శ్వం ఉంది. షెల్టర్ నుంచి తిరిగొచ్చిన కుటుంబానికి ప్రాణం మిగిలింది. ఇల్లు, పంట, వల, గేదె మిగలలేదు. విపత్తు నిర్వహణ అంటే ఇప్పుడు ఎక్కువగా బతికినవారి నష్టం లెక్క కట్టడమే. ఆ లెక్క కట్టే పద్ధతి మాత్రం హెచ్చరిక వ్యవస్థలా మారలేదు. ఇంకా పాత పంచనామా వాసన పోలేదు. రాసేవాడు రాస్తేనే నష్టం, లేకుంటే లేదు.

సాయమే తప్ప పరిహారం కాదు

ముందుగా తేలాల్సింది మాట దగ్గరే. బాధితులు 'నష్టపరిహారం' అంటారు. నాయకులూ అదే మాట వాడతారు. కేంద్ర ప్రభుత్వం మాత్రం పార్లమెంటులోనూ బయటా ఒకే మాట చెబుతూ వచ్చింది: ఇది సాయం మాత్రమే, నష్టానికి పరిహారం కాదు. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్రం వాటా 90 శాతం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఈ నిధికి లక్షా 28 వేల కోట్ల రూపాయలకు పైగా సూచించింది. అంటే డబ్బు లేదనే సాకు పూర్తిగా నిలవదు.

2022-26 కాలానికి కేంద్ర హోం శాఖ నిర్ణయించిన రేట్లు చూస్తే 'సాయం' అన్న మాట అర్థం తెలుస్తుంది. మరణానికి 4 లక్షల రూపాయలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే లక్షా 20 వేలు, కొండ ప్రాంతంలో లక్షా 30 వేలు. పక్కా ఇంట్లో కొంత భాగం దెబ్బతింటే 6,500. గుడిసె పోతే 8 వేలు. పాడిగేదె పోతే 37,500, మేక పోతే 4 వేలు. నీటి వసతి ఉన్న పొలంలో పంట పోతే హెక్టారుకు 17 వేలు, వర్షాధారమైతే 8,500. అదీ 33 శాతం లేదా అంతకు మించి నష్టం జరిగితేనే, 2 హెక్టార్ల వరకే. 2015కు ముందు ఆ హద్దు 50 శాతంగా ఉండేది.

ఎకరాల్లోకి మారిస్తే తడి పొలానికి 7 వేలకు కాస్త తక్కువ, మెట్టకు 3,500 లోపు. వరి నాటిన ఏ రైతుకైనా ఇది దుక్కికీ నాట్లకూ చాలదని తెలుసు. అందుకే రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. 2024 సెప్టెంబర్ వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ వరికి హెక్టారుకు 25 వేలు ప్రకటించింది. మొత్తం చిన్నదైన కొద్దీ దాన్ని అందుకోవడానికి పెట్టే ఖర్చు పెద్దదిగా కనిపిస్తుంది. నాలుగు వేల కోసం నాలుగు రోజుల కూలి వదులుకుని తిరిగేవాడికి మిగిలేదెంత?

ఎవరి పేరు రాస్తారు?

సాయం అందకపోవడానికి లంచం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. పద్ధతిలోనే వడపోత ఉంది. దెబ్బతిన్న ఇల్లు అధికారులు ధ్రువీకరించిన అధీకృత నిర్మాణమై ఉండాలని నిబంధన. గుడిసె అయితే అధికారులు గుడిసెగా గుర్తించినదై ఉండాలి. ముంపు మొదట వచ్చేది మాత్రం వాగు గట్టున, చెరువు శిఖంలో, కాలువ పోరంబోకులో ఉన్న ఇళ్లలోకి. అక్కడ ఉండేవాళ్లకు పట్టా ఉండదు. పట్టా ఉంటే అక్కడ ఎందుకుంటారు? ఎక్కువ మునిగినవాడి దగ్గరే తక్కువ రుజువు ఉండటం మన విపత్తు సాయంలో మొదటి వైరుధ్యం.

రెండోది కౌలు. ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో సాగుచేసే చేయి ఒకటి, పాసు పుస్తకం మీద ఫొటో మరొకటి. పంట మునిగితే అప్పు కౌలుదారుది, ఇన్‌పుట్ సబ్సిడీ రికార్డులో పేరున్నవాడిది. దీన్ని సరిచేయడానికి 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ 11 నెలల పంట సాగుదారు హక్కు పత్రాలకు మరో చట్టం చేసింది. రెండో దానిలో యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం యజమానిది. పట్టుబడితే వచ్చే ఏడాది కౌలు దక్కదన్న భయం రైతుది. ఈ రెండు భయాల మధ్య మాట మీదే సాగే కౌలు తుపాను వచ్చిన రోజున లెక్కకు రాదు.

మూడోది ఆడవాళ్ల పేరు. ఇల్లు మామ పేరున, భూమి భర్త పేరున, భర్త వలస వెళ్లిన చోట. ఇంట్లో ఉండి నీళ్లలో నిలబడ్డది ఆమె, దరఖాస్తు మీద పేరు మరొకరిది. ఒంటరి స్త్రీ, విడిగా ఉంటున్న వితంతువు ఉమ్మడి రేషన్ కార్డులో కలిసి ఉంటే ఒక కుటుంబం కింద లెక్కే. 2004 సునామీ తర్వాత తమిళనాడు ప్రభుత్వం కొత్త ఇళ్లను భార్యాభర్తలిద్దరి పేరునా ఇచ్చింది. ఇలాంటి నిర్ణయం సాధ్యమని తెలిసి కూడా ప్రతి విపత్తులోనూ కొత్తగా అడగాల్సి వస్తోంది.

రెండు నగరాల కథ

2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో కుండపోత కురిసింది. చెరువులు తెగి కాలనీలు మునిగాయి. అక్టోబర్ 19న తెలంగాణ ప్రభుత్వం ముంపు కుటుంబానికి 10 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించి 550 కోట్లు విడుదల చేసింది. మర్నాటి నుంచే ఇంటింటికీ నగదు పంచడం మొదలైంది. వేగంలో దానికి సాటి లేదు. లోపం ఎక్కడంటే, ఎవరికిచ్చారో బయట ఎవరికీ తెలియదు. పక్కింటికి వచ్చింది మాకెందుకు రాలేదని ఒకచోట, స్థానిక నాయకులు సగం కోసుకుంటున్నారని మరోచోట నిరసనలు వెల్లువెత్తాయి. పంపిణీ ఆగింది. నవంబర్‌లో మీసేవ కేంద్రాల్లో దరఖాస్తు చేసుకోవాలన్నారు. తెల్లవారుజాము నుంచే కిలోమీటర్ల క్యూలు కట్టారు, కరోనా భయం ఉన్న రోజుల్లో. ఈలోగా నగరపాలక ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది, నవంబర్ 18న ఎన్నికల సంఘం సాయాన్ని ఆపించింది. పోలింగ్ అయ్యాక జనం మళ్లీ మీసేవ ముందు చేరితే, ఇక్కడికి రానక్కర్లేదు, సిబ్బందే వచ్చి పరిశీలించి ఖాతాలో వేస్తారని నగరపాలక సంస్థ చెప్పాల్సి వచ్చింది. రెండు నెలలు తిరగకముందే ఒకే సాయానికి మూడు పద్ధతులు.

నాలుగేళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేల అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించి, సెప్టెంబర్ 25న ఖాతాల్లో జమ మొదలుపెట్టింది. వార్డు సచివాలయాల వల్ల ఇంటింటి లెక్క తయారైంది. హైదరాబాద్ అనుభవంతో పోలిస్తే ఇది మెరుగే. అయినా రెండు చిక్కులు మిగిలాయి. సర్వే బృందం వచ్చిన రోజున ఇంట్లో లేనివాళ్లు, ఇల్లు ఖాళీ చేసి బంధువుల దగ్గరకు వెళ్లినవాళ్లు జాబితాలో లేరు. ఆధార్ అనుసంధానం లేని ఖాతాలకు, చాలాకాలంగా వాడని ఖాతాలకు పంపిన సొమ్ము జమ కాలేదు. ఆధార్‌కు చివరిసారి ఏ ఖాతా ముడిపెట్టారో ఆ ఖాతాకే డబ్బు వెళ్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవారికి ఆ ఖాతా పుస్తకం ఏ బురదలో ఉందో తెలియదు.

శుభ్రం చేస్తే సాక్ష్యం పోతుంది

నష్టం నమోదులో ఇంకో విచిత్రం ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలను కూల్చింది. ప్రభుత్వం చెట్టుకు 1,500 రూపాయలు ప్రకటించింది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పడిన చెట్లు తొలగించకుండా కొత్త మొక్క పెట్టలేరు. తొలగిస్తే లెక్కించడానికి చెట్టు ఉండదు. మునిగిన ఇంటిదీ ఇదే పరిస్థితి. గోడ మీద నీటి గీత కడిగేస్తే ఎంత ఎత్తున మునిగిందో చూపలేరు. కడగకపోతే పిల్లలకు జ్వరాలు. అధికారి వచ్చేదాకా ఆగాలా, బతుకు మొదలుపెట్టాలా అన్న ఎంపికను ప్రభుత్వం బాధితుడి మీద పెట్టకూడదు. సెల్‌ఫోన్ ఫొటోను, ఊరి నలుగురి సాక్ష్యాన్ని రుజువుగా తీసుకుంటామని మొదటి రోజే దండోరా వేయిస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

అన్నిటికన్నా కఠినమైనది మృతదేహం దొరకని మరణం. మరణ ధ్రువపత్రం లేకుండా 4 లక్షలు రావు. సాక్ష్య చట్టం ప్రకారం ఏడేళ్లపాటు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. 2013లో కేదార్‌నాథ్ వరదలో తెలుగు యాత్రికులు సహా వేలమంది గల్లంతైనప్పుడు ఆ ఏడేళ్లు ఆగమనడం క్రూరమని గుర్తించి, ప్రత్యేక పద్ధతిలో మరణ ధ్రువపత్రాలు ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో చమోలీ ప్రమాదం తర్వాత కూడా అదే చేశారు. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక కేరళ కూడా గల్లంతైనవారిని మృతులుగా పరిగణించాలని నిర్ణయించింది. నిబంధన మనిషి కోసం వంగగలదనడానికి ఇవి ఉదాహరణలు. ఏ రాష్ట్రంలోనైనా, చేపలవేటకు వెళ్లి తిరిగిరాని ఒక్క జాలరి కుటుంబానికి కూడా అంతే సులువుగా వంగుతుందా అన్నదే ప్రశ్న.

పొరుగున కూడా అంతే

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో దాదాపు 9 వేల మందిని కోల్పోయిన నేపాల్, ఇల్లు కట్టుకోవడానికి కుటుంబానికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతలుగా ఇచ్చింది. మొదటి విడత 50 వేలు. భూమి హక్కు పత్రమైన లాల్‌పుర్జా లేని కుటుంబాలు ఒప్పందం దగ్గరే ఆగిపోయాయి. 2010 వరదల్లో పాకిస్తాన్ 'వతన్ కార్డు' ద్వారా తొలి విడతగా 20 వేల రూపాయలు ఇచ్చింది. పెద్ద సంఖ్యలో వేగంగా చేరిన సాయమే అది. అయినా కంప్యూటర్ గుర్తింపు కార్డు లేనివారు, ముఖ్యంగా మగదిక్కు లేని ఇళ్ల ఆడవాళ్లు వెనకబడ్డారు. దక్షిణాసియాలో విపత్తు ఎక్కడ వచ్చినా మొదట వదిలేసేది ఒకే రకం మనుషులను.

మన దగ్గర 2001 జనవరి 26 గుజరాత్ భూకంపం తర్వాత చేసిన పని దీనికి భిన్నమైన దారి చూపింది. ఇల్లు ఎంత దెబ్బతిన్నదో తరగతులుగా విభజించి, యజమానే కట్టుకునేలా డబ్బు విడతలుగా బ్యాంకు ఖాతాలో వేశారు. ఇంజినీరు చూసి సంతకం పెడితే తర్వాతి విడత. ప్రభుత్వం కట్టించి ఇచ్చే పెట్టెల్లాంటి ఇళ్ల కంటే ఈ పద్ధతే నిలిచింది. సొంత స్థలం లేనివారికి మాత్రం అక్కడా ఆలస్యంగానే అందింది.

దయా, హక్కా?

2005 డిసెంబర్ నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ కనీస సాయ ప్రమాణాలు రూపొందించాలని చెబుతుంది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు, ప్రాణనష్టానికి ఎక్స్‌గ్రేషియా, ఇళ్లకూ జీవనోపాధికీ సాయం అందులో ఉన్నాయి. కరోనా మరణాల కేసులో 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఐచ్ఛికం అనుకోవద్దని, అది తప్పనిసరి అని తీర్పు చెప్పింది. దాంతో మరణానికి 50 వేల రూపాయలు ఖరారయ్యాయి. అంతకంటే ముఖ్యమైనవి కోర్టు పెట్టిన షరతులు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో చెల్లించాలి. ధ్రువపత్రంలో కారణం కరోనా అని రాయలేదన్న ఒక్క సాకుతో తిరస్కరించరాదు. ఫిర్యాదులు వినడానికి జిల్లాలో కమిటీ ఉండాలి. దొంగ దరఖాస్తుల అనుమానం వచ్చినప్పుడు కోర్టు అందరినీ ఆపలేదు. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం దరఖాస్తులను తనిఖీ చేయించింది.

వరదకూ తుపానుకూ ఇదే సూత్రం ఎందుకు వర్తించకూడదు? తప్పుడు క్లెయిముకు రెండేళ్ల వరకు జైలు శిక్ష వేసే 52వ సెక్షన్ అదే చట్టంలో ఉంది. దొంగలను పట్టుకోవడానికి చట్టం ఉన్నప్పుడు ప్రతి బాధితుణ్నీ ముందుగా అనుమానించనక్కర్లేదు. మరోవైపు ఉన్న రక్షణలు తగ్గుతున్నాయి. విపత్తు బాధితుల రుణాల చెల్లింపులో ఊరట సిఫారసు చేసే 13వ సెక్షన్‌ను 2025 చట్ట సవరణ తొలగించింది. వయనాడ్ బాధితుల బ్యాంకు అప్పులపై కేరళ హైకోర్టులో వాదన నడుస్తున్నప్పుడు ఈ మార్పు ప్రభావం అందరికీ తెలిసొచ్చింది.

చేయాల్సినవి కొండంత పనులేమీ కావు. ఒక వార్డు లేదా ఊరు మునిగిందని ప్రకటించాక అక్కడ ఉంటున్న ప్రతి ఇంటికీ తొలి సాయం దరఖాస్తు లేకుండానే ఇవ్వాలి. ఇంటి నష్టం, పంట నష్టం లాంటి పెద్ద మొత్తాలకే పరిశీలన పెట్టాలి. సామాను నష్టం ఇంట్లో ఉంటున్నవారికి, పంట నష్టం సాగు చేసినవారికి చెందాలి, యజమానికి కాదు. జాబితాను సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు వారం గడువిచ్చి, గ్రామసభలో చదవాలి. దరఖాస్తు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రసీదు, తిరస్కరిస్తే కారణం రాసిన కాగితం ఇవ్వాలి. హైదరాబాద్ క్యూలో నిలబడ్డవారికి లేనిది ఆ కాగితమే. రసీదు ఉన్నవాడు సమాచార హక్కు చట్టం కింద అడగగలడు, పై అధికారి దగ్గరకు వెళ్లగలడు. లేనివాడు మళ్లీ క్యూలో నిలబడటం తప్ప ఏమీ చేయలేడు.

బంగాళాఖాతంలో తుపానుల కాలం అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో ఏటా వస్తుంది. అది ఎటు వెళ్తుందో నాలుగు రోజుల ముందే పటం గీసి చూపగలుగుతున్నారు. దాని దారిలో ఉన్న ఊళ్లలో ఎవరు అద్దెకుంటున్నారో, ఎవరు కౌలుకు చేస్తున్నారో రాసి పెట్టుకోవడం అంతకంటే కష్టమైన విద్యేమీ కాదు. తుపాను రాకముందే ఆ జాబితా సచివాలయంలో ఉంటే, తీసిన మర్నాడు ఇల్లాలు కాగితాల సంచీ వెతుక్కోకుండా ముందు పొయ్యి వెలిగించుకోగలుగుతుంది.